లవకుశకు స్వరాలు కూర్చిన ఘంటసాల

ఉగాది పచ్చడి తిన్న ఎనిమిదవ నాటికి శ్రీరామనవమి వస్తుంది. మా షోలాపూరులో తెలుగువారు నవమి పందిరికి ఇంకా గుంజలు పాతుతూ ఉండగానే మైకుసెట్టు అతను వచ్చి, వేపకొమ్మకు హారన్ కట్టి, మొట్టమొదట పెట్టేది లవకుశ పాటలే. అతను మరాఠీవాడు. తెలుగులో మంచినీళ్లు అడగడం కూడా రాదు. అయినా ఏ పాట తర్వాత ఏ పాట రావలెనో అతనికి మనకంటె బాగా తెలుసు. సీతమ్మను అడవిలో విడిచిపెట్టే ఘట్టం వచ్చేసరికి శబ్దం కొంచెం తగ్గిస్తాడు. ఎందుకని ఒకసారి అడిగినాను. ఆ పాటకు ఆడవాళ్లు కంట తడి పెడతారు గదా, గట్టిగా పెడితే బాగుండదని జవాబిచ్చినాడు.

లవకుశ విడుదలై అరవై సంవత్సరాలు దాటినది. రామకథతో అంతకు ముందూ తర్వాతా ఎన్నో చిత్రాలు వచ్చినవి. వాటి పాటలు చాలావరకు ఆ చిత్రాలతోనే వెళ్లిపోయినవి. ఇవి మాత్రం పందిట్లో, పెండ్లింట, రైల్వే క్వార్టర్సులో వంటింటి కిటికీ దగ్గర నిలిచియున్నవి. రామనామ మహిమ అని పెద్దలంటారు. కాదనను. కాని రామనామం తక్కిన చిత్రాలలోనూ ఉన్నదే గదా! వాటికి లేనిది దీనికి ఏమున్నదని ఆలోచించినప్పుడల్లా నా మనస్సు ఆ పాటలకు స్వరాలు కూర్చిన కీర్తిశేషులు ఘంటసాల వేంకటేశ్వరరావు గారి జీవితం మీదికే పోతుంది. మన సంఘంవారు ఈ ఉగాది సంచికకు ఏదైనా వ్రాయమని అడిగినందున, ఆ జీవితాన్నే నాకు తెలిసినంతలో చెప్పదలచినాను. నేను సంగీతజ్ఞుడను కాను. గూడ్సు ఆఫీసులో వ్యాగన్ల లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాను. చదువు మెట్రిక్‌తో ఆగినది. కనుక రాగాల పేర్ల జోలికి పోవడం లేదు. పాఠకులు మన్నించగలరు.

కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతంలో చౌటపల్లి అనే పల్లెలో 1922 డిసెంబరు 4వ తేదీన ఆయన జన్మించినారు. తండ్రి సూరయ్య గారు, తల్లి రత్తమ్మ గారు. సూరయ్య గారు పాడేవారు, మృదంగం వాయించేవారు. నారాయణతీర్థుల వారి తరంగాలు పాడుతూ భజన చేయడం ఆయనకు ఒక వ్రతం వంటిది. పిల్లవానిని వెంటబెట్టుకొని ఉత్సవాలకు పోయేవారు. తండ్రి తరంగం అందుకుంటే కొడుకు నాట్యం చేసేవాడు. చూచినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచేవారట. తరంగాలు సంస్కృతంలో ఉన్నవే. అయినా కృష్ణాతీరంలో సంస్కృతం చదవని రైతులు కూడా భజనలో వాటిని పాడుకొనేవారు. అర్థం పూర్తిగా తెలియనివారి నోటికి కూడా పాట అందగలదని ఆ పిల్లవాడు ఊహ తెలిసీ తెలియని వయస్సులోనే చూచినాడన్నమాట.

పదకొండు పన్నెండేళ్ల ప్రాయంలోనే తండ్రి పోయినారు. పోతూ పోతూ కొడుకును దగ్గరకు పిలిచి, సంగీతం గొప్పదని, నీవు పెద్ద విద్వాంసుడవు కావలెనని చెప్పి కన్నుమూసినారు. కుటుంబం మేనమామ పంచన చేరినది. తండ్రి మాట తీర్చవలెననే పట్టుదల ఉన్నది గాని, నేర్పేవారేరి? ఒక విద్వాంసుని ఇంట బట్టలు ఉతికినారు. మరొక ఇంట వంటపని చేసినారు. పని జరిగినంతగా పాఠం జరగలేదు. చివరకు చేతి ఉంగరం అమ్ముకొని, ఆ సొమ్ముతో విజయనగరం రైలెక్కినారు. అక్కడి మహారాజావారి సంగీత కళాశాల అప్పట్లో తెలుగువారికందరకు పెద్ద పేరు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులుగా నడిపిన కళాశాల అది. ఘంటసాల వెళ్లేనాటికి వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ స్థానంలో ఉన్నారు.

వెళ్లినది వేసవి సెలవుల్లో. కళాశాల మూసియున్నది. నాయుడు గారు దయతో ఆవరణలో తలదాచుకోనిచ్చినారు. నాలుగిళ్లలో వారాలు కుదిరినవి. ఇంతలో తోటి కుర్రవాళ్లు చేసిన తప్పు ఈయన నెత్తిన పడి, ఆ నీడ పోయినది. నింద విన్న గృహస్థులు తమ ఇంటికి వారానికి రావద్దన్నారు. ఊరు కాని ఊరిలో పదహారు పదిహేడేళ్ల కుర్రవాడు ఎల్లమ్మ గుడిలో పడుకొన్నాడు. మన పెద్దలలో ఎందరో పని వెతుక్కుంటూ పరాయి ఊరు దిగి మొదటి రాత్రి గుడిలోనో ప్లాట్‌ఫారం మీదనో గడిపినవారే. కనుక ఈ ఘట్టం మన సంఘంలో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు.

ఆ గుడికి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి గారు ఈ కుర్రవాని సంగతి తెలుసుకొని తన ఇంటికి తీసుకొని పోయినారు. శాస్త్రి గారు విద్యలో ఎంత ధనికులో ఇంట్లో అంత పేదలు. పాఠం చెప్పగలరు, పడుకొనుటకు చోటు ఇవ్వగలరు. రెండు పూటలా అన్నం పెట్టగల శక్తి లేదు. శిష్యుడు ఆకలితో ఉండగా ఒకరు జోలె కట్టి మధుకరం ఎత్తుట నేర్పినారు. భుజాన గుడ్డ కట్టుకొని ఇంటింటి వాకిట నిలబడి అన్నం అడిగి తెచ్చుకొనుట అన్నమాట. మొదటి వాకిట ఎంతసేపు నిలబడియుంటారో ఊహించుకోవలసిందే. రెండు పూటలకు సరిపడా తెచ్చుకొని మిగిలినది ఆ గుడ్డలోనే మూటకట్టి ఉంచితే చీమలు పట్టేవి. గిన్నె కొనుటకు డబ్బు లేదు. మేనమామకు ఉత్తరం వ్రాస్తే ఆయన కొంత పంపినారు. దానితో ఒక డబ్బా కొని, అన్నం అందులో దాచుకొనేవారు.

ఈ చీమల సంగతి నేను మొదటిసారి విన్నప్పుడు మా ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతున్నాను. ఆ పూట అన్నం చాలాసేపు మెతుకు మెతుకుగా తిన్నాను. తర్వాత ఎన్నో బిరుదులు పొందిన ఘంటసాల గారు ఆ జోలెను ఎన్నడూ దాచుకోలేదు. సిగ్గుపడలేదు. విజయనగరంలో తనకు ఒక పిడికెడు అన్నం వేసిన తల్లులను తలచుకొంటూనే ఉండేవారని ఆయనను ఎరిగినవారు వ్రాసినారు.

కళాశాల తెరచిన తర్వాత నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించినారు. తిరిగి చౌటపల్లి వచ్చి, ఉత్సవాలలో పాడుతూ, పిల్లలకు పాఠాలు చెబుతూ ఉండగా 1942 వచ్చినది. క్విట్ ఇండియా ఉద్యమంలో దిగినారు. బళ్లారిలోని అల్లీపురం జైలులో పద్దెనిమిది నెలలు ఉన్నారు. బళ్లారి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిది. 1953లో మైసూరుకు పోయినది. కర్ణాటకంలో ఉన్న మన బంధువులు బళ్లారి మీదుగా వచ్చిపోయేటప్పుడు ఒకసారి ఆ సంగతి పిల్లలకు చెప్పవచ్చును.

1944 మార్చి 4న సావిత్రి గారితో వివాహం జరిగినది. తన పెండ్లినాటి సాయంకాలం పాటకచేరీ తానే చేసినారు. అత్తవారి తాలూకు బంధువుల ఊరు పెదపులివర్రు. సముద్రాల రాఘవాచార్యులు గారిది ఆ ఊరే. ఆయన ఈ కుర్రవాని పాట విని మద్రాసు రమ్మన్నారు. అప్పటికి చేతిలో డబ్బు లేదు. రెండు నెలలు ఊళ్లు తిరిగి కచేరీలు చేసి దారి ఖర్చు సంపాదించుకొని వెళ్లినారు. ఆచార్యులు గారు ఆయనను చిత్తూరు నాగయ్య గారికీ బి.ఎన్. రెడ్డి గారికీ పరిచయం చేసినారు. సముద్రాల, నాగయ్య అనే ఈ రెండు పేర్లను పాఠకులు గుర్తుంచుకొనవలెను. లవకుశ దగ్గర మళ్లీ వస్తారు.

ఆచార్యులు గారి ఇల్లు చిన్నది. ఆయనకు భారం కాకూడదని ఘంటసాల గారు మకాం మార్చినారు. ఎక్కడికి? త్యాగరాయనగరంలో పానగల్ పార్కుకు. కావలివానికి నెలకు రెండు రూపాయలు ఇచ్చి పెట్టె అతని దగ్గర ఉంచి, పగలంతా స్టూడియోల చుట్టూ తిరిగి, రాత్రి పార్కులో పడుకొనేవారు. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో ఉన్న బాలాంత్రపు రజనీకాంతరావు గారు పాడే అవకాశం ఇచ్చినారు. ఒక గ్రామఫోను కంపెనీ వారు ఆ గొంతు రికార్డుకు పనికిరాదన్నారు. తర్వాత పేకేటి శివరాం గారి చొరవతో రికార్డు వచ్చినది. 1944లో సీతారామజననం చిత్రంలో గుంపులో ఒకరుగా పాడినారు. 1945లో స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడినందుకు 116 రూపాయలు ముట్టినవి.

ఆ తర్వాతి కథ అందరకు తెలిసినదే. 1948లో బాలరాజు, 1949లో మనదేశం, కీలుగుర్రం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజారు, 1962లో గుండమ్మకథ. దేవదాసు పాటలకు స్వరకర్త ఆయన కాకపోయినా, 1953లో ఆ చిత్రం వచ్చిన తర్వాత తెలుగుదేశంలో దుఃఖానికి గొంతు అంటే ఆయన గొంతే అయినది. స్వంతంగా పరోపకారం, సొంత ఊరు, భక్త రఘునాథ్ అనే చిత్రాలు తీసి నష్టపోయినారు. చిత్రాల పేర్లతో ఈ వ్యాసం నింపడం నాకిష్టం లేదు. అంతకంటె ముఖ్యమైనది పద్యం.

నాటకాలు చూచిన పెద్దలను అడగండి. రంగస్థలం మీద పద్యం అంటే హార్మోనియం శ్రుతి అందుకొని, చివర రాగం గుక్క తిప్పుకోకుండా సాగదీసి, వన్స్‌మోర్ కొట్టించుకొనుట. ఆ గొప్ప నటుల విద్యను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని పద్యంలో ఏమున్నదో చాలామందికి పద్యం అయిపోయిన తర్వాత పక్కవానిని అడిగితే గాని తెలిసేది కాదు. ఘంటసాల గారు రాగాన్ని తగ్గించి మాటను ముందుకు తెచ్చినారు. గణాలు చూచి కాక అర్థం చూచి పదం విరిచినారు. కోపంలో ఉన్నవాడు కోపంగానే, కుమిలిపోతున్నవాడు కుమిలిపోతూనే పద్యం చెప్పేటట్లు చేసినారు. చివర రాగం ఉన్నది. కాని చేయి పట్టుకొని ఇంటిదాకా దిగబెట్టినంత మాత్రమే. కరుణశ్రీ గారి పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు ఆయన రికార్డుల వలననే బడి ముఖం చూడని ఇళ్లకు కూడా చేరినవి. అక్షరం రాని మా నాయనమ్మకు పుష్పవిలాపం మొదటినుండి చివరిదాకా వచ్చును. ఆమె దానిని ఏ పుస్తకంలో చూచినది?

ఇక లవకుశ. ఈ కథను తెలుగువారు మొదట 1934లోనే తెరమీద చూచినారు. కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారికి సి. పుల్లయ్య గారు తీసినారు. పారుపల్లి సుబ్బారావు గారు రాముడు, సీనియర్ శ్రీరంజని గారు సీత. పల్లెల నుండి జనం బండ్లు కట్టుకొని వచ్చి చూచినారట. మళ్లీ అదే పుల్లయ్య గారు 1958లో, ఎ. శంకరరెడ్డి గారు నిర్మాతగా, రంగులలో మొదలుపెట్టినారు. రంగుల ఖర్చు అంతా ఇంతా కాదు. సొమ్ము చాలక పని ఆగిపోయినది. నెలలు కాదు, సంవత్సరాలు గడిచినవి. పుల్లయ్య గారికి ఆరోగ్యం తప్పింది. మిగిలిన భాగం ఆయన కుమారులు సి.ఎస్. రావు గారు పూర్తి చేసినారు. రామారావు గారు రాముడు, అంజలీదేవి గారు సీత, కాంతారావు గారు లక్ష్మణుడు, నాగరాజు, సుబ్రహ్మణ్యం అనే బాలురు కుశలవులు. 1963 మార్చి 29న విడుదలైనది. ఆ ఏడు అప్పటికి ఉగాది వెళ్లినది, నవమి ఇంకా రాలేదు. తెలుగులో మొదటినుండి చివరివరకు రంగులలో ఉన్న మొదటి చిత్రం అది.

పాటలు, పద్యాలు కలిపితే ముప్పైకి పైబడినవి. అన్నింటికి స్వరం ఘంటసాల గారిదే. సముద్రాల, సదాశివబ్రహ్మం, కొసరాజు మొదలైన వారు సాహిత్యం సమకూర్చినారు. అనగా పెదపులివర్రులో ఈ కుర్రవాని పాట విని మద్రాసుకు రమ్మన్న ఆచార్యులు గారు మాట వ్రాస్తే, పార్కులో పడుకొన్న ఆ కుర్రవాడు స్వరం కట్టినాడు. వాల్మీకి వేషం నాగయ్య గారిది. ఒకనాడు పోతనగా, త్యాగయ్యగా, వేమనగా స్వయంగా పాడి తెలుగువారిని ఏడిపించిన మహాగాయకుడు. త్యాగయ్యలో ఘంటసాల గుంపులో పాడినారు. లవకుశలో ఆ నాగయ్య గారు నోరు కదుపుతూ ఉండగా లోపలి గొంతు ఘంటసాల గారిది. సీతమ్మకు ధైర్యం చెప్పే ఆ వాల్మీకి పాట వినునప్పుడు నాకు ఇద్దరూ కనబడతారు.

కుశలవులకు గొంతులు పి. లీల, పి. సుశీల గార్లవి. మగపిల్లలకు ఆడవారి గొంతు ఏమిటని అనిపించదు. ఆ గొంతులలో ఇంకా మీసం రాని వయస్సు ఉన్నది. సుశీల గారిది విజయనగరం. ఘంటసాల గారు జోలె పట్టిన ఊరు అదే, ఆయన చదివిన సంగీత కళాశాలలోనే ఆమె కూడా నేర్చినది. లీల గారు మలయాళీ. ఆమెకు తెలుగు తల్లిభాష కాదు. అయినా లవకుశలో ఒక్క అక్షరం దగ్గర నాలుక తడబడినదా? ఇంట్లో తెలుగు మాట్లాడుకొంటూ ళకు బదులు ల అనే మన పిల్లలకు ఆమె పాట వినిపించవలెను. (నన్ను కూడా కలుపుకొనే చెబుతున్నాను.)

ఇక ఆ స్వరాల సంగతి. బాలురు రామకథను వీధివీధినా పాడుకొంటూ పోయే పాటలున్నవి గదా! వాటిలో సంగతుల మీద సంగతులు లేవు. ఒక చరణం నేర్చుకొంటే తక్కిన చరణాలన్నీ ఆ దారినే నడుస్తవి. కథ ముందుకు పోతూ ఉంటుంది, వరుస మాత్రం తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. అందువలన మూడవ చరణం వచ్చేసరికి వినేవాడు కూడా పాడగలడు. హరికథ దాసు వెనుక పాడేవారి పద్ధతి, సూరయ్య గారి భజన పద్ధతి అదే. పండితుడు మెచ్చే పద్యాలు ఉన్న చిత్రంలోనే చాకలి దంపతుల జానపదం కూడా ఉన్నది. దాని దగ్గర రాజసభ వాసన ఏమాత్రం తగలనీయలేదు. రామారావు గారి పద్యాలలో రాముడు రాజుగా ఒక గొంతు, భర్తగా ఒక గొంతు. రెండూ ఒకే మనిషివి.

తండ్రి ఎవరో ఎరుగని ఇద్దరు పిల్లలు వాకిలి వాకిలికీ పోయి పాడుతారు. వినేవారిలో తండ్రి ఉన్నాడని వారికి తెలియదు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని వాకిలి వాకిలికీ పోయి అన్నం అడిగినవాడు ఆ పాటకు స్వరం కట్టినాడు. ఇది నా ఊహయే కావచ్చును. సంగీతం తెలిసిన మా మిత్రుడొకడు నవ్వినాడు కూడా, జోలెకూ స్వరానికీ ముడిపెట్టడమేమిటని. అయినా ఆ పాటలో అడగడం ఉన్నది, కాని దీనంగా అడగడం లేదు. తలెత్తి అడుగుట. అది విద్యాలయంలో చెప్పే పాఠం కాదనే నా నమ్మకం.

మా తాతగారు గుత్తి నుండి రైల్వే ఉద్యోగం మీద షోలాపూరు వచ్చినారు. లవకుశ గుంతకల్లులో ఆడుతున్నదని తెలిసి మా నాయనమ్మ మూడేండ్ల మా నాయనను చంకనెత్తుకొని, పాసు మీద బొగ్గు ఇంజను బండిలో రాయచూరు మీదుగా వెళ్లినది. ఒక్క సినిమా కోసమా అని మా తాతగారు కేకలు వేసినారట. తిరిగి వచ్చి నెలరోజులు పక్క క్వార్టర్సులోని మరాఠీ ఆమెకు కథంతా పాటలతో సహా చెప్పినది. ఆ మరాఠీ ఆమె వద్ద దీనికి దీటైనది ఒకటున్నది. గ.ది. మాడగూళ్కర్ గారు వ్రాసి, సుధీర్ ఫడ్కే గారు స్వరపరచి పాడిన గీత రామాయణం. 1955, 56లలో పుణె ఆకాశవాణి నుండి వారం వారం వచ్చినది, 56 పాటలు. అదీ కుశలవులు శ్రీరాముని ఎదుట పాడుటతోనే ఆరంభం. ఇద్దరు ఆడవాళ్లు గోడకు అటొకరు ఇటొకరు నిలబడి, ఆమె పాట ఈమె, ఈమె పాట ఆమె నేర్చుకొన్నారు. ఒకరి భాష ఒకరికి వచ్చినది అట్లాగే.

నేను చదివినది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు మా అమ్మ పలక మీద దిద్దించినది గాని, మాటలు వచ్చినది మాత్రం ఆ క్యాసెట్టు వలన. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ ఒక్కొక్క చోట ఆపి, ఈ మాటకు అర్థం చెప్పు అనేది. చెప్పలేకపోతే తానే చెప్పేది. మా అమ్మాయి ఇప్పుడు మూడవ తరగతి. కిందటి నవమికి పందిట్లో లవకుశ పాట పాడతానన్నది. నోటుపుస్తకం చూస్తే పాటంతా దేవనాగరి లిపిలో వ్రాసుకొన్నది. నాకు ముందు కోపం వచ్చినది, తర్వాత సిగ్గు వచ్చినది. పలక కొని ఇయ్యవలసినవాడను నేనే గదా! పాట మాత్రం బాగా పాడినది. ళ దగ్గర కూడా తప్పలేదు.

ఘంటసాల గారి చివరి సంవత్సరాలు త్వరగా గడిచిపోయినవి. 1970లో పద్మశ్రీ వచ్చినది. 1971లో ఇంగ్లండు, జర్మనీ, అమెరికాలు వెళ్లి అక్కడి తెలుగువారికి పాడినారు. తిరుమల ఆస్థాన విద్వాంసులుగా శ్రీవారి ఎదుట పాడే భాగ్యం కలిగినది. అంతకు ముందే, 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యంలో స్వామి ఎదుట కూర్చొని పాడే భక్తునిగా ఆయనే తెరమీద కనబడినారు. మధుమేహం చాలాకాలంగా ఉన్నది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతూ ఉండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరినారు. కోలుకొన్న తర్వాత 1973లో భక్త తుకారాం చిత్రానికి పాడినారు. లవకుశ సీత అంజలీదేవి గారి స్వంత సంస్థ చిత్రం అది. పండరిపురం మా షోలాపూరు జిల్లాలోనిదే. ఆషాఢ ఏకాదశికి వార్కరీలు తాళాలతో నడిచిపోతూ ఉంటే, మన తెలుగు ఇళ్లలో ఆ తుకారాం పాటలు ఘంటసాల గారి గొంతులో మ్రోగడం నేను చిన్నప్పటినుండి చూస్తున్నాను.

భగవద్గీత పాడవలెననేది ఆయన చివరి కోరిక. అది అయిన తర్వాత సినిమా పాటలు మానుకొనవలెనని అనుకొన్నారు. శ్లోకాలను ఏరి, వాటికి తెలుగు తాత్పర్యం చేర్చి, ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉండగానే పాడి పూర్తి చేసినారు. విజయనగరం గురువు గారి కుమారులు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఎన్నో ఏండ్లు ఆయనకు సహాయకులుగా పక్కనే ఉన్నారు. గురువు ఇంట ఋణం ఆ విధంగా రెండవ తరానికి సాగినది. నూరేండ్లు నిండిన సంగీతరావు గారు 2021లో కాలధర్మం చెందినారు. ఘంటసాల గారికి యాభై రెండు కూడా నిండలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసు ఆసుపత్రిలో కన్నుమూసినారు. గీత రికార్డు ఆయన పోయిన తర్వాతనే బయటికి వచ్చినది.

ఆ గీతకు మన ఇళ్లలో ఒక వాడుక ఏర్పడినది. ఎవరైనా పోయినప్పుడు దానిని పెడతారు. మా నాయనమ్మ పోయిన నాడు కూడా పక్కింటివారు సెల్‌ఫోనులో అదే పెట్టినారు. సాయంకాలానికి ఫోనులో ఛార్జి అయిపోయి ఆగిపోయినది. ఇల్లంతా నిశ్శబ్దం. మా అమ్మాయి లోపలికి పోయి, ఆ దేవనాగరి నోటుపుస్తకం తెచ్చుకొని, నాయనమ్మ తలగడ పక్కన కూర్చొని లవకుశ పాట మెల్లగా అందుకొన్నది. చావింట సినిమా పాట ఏమిటని ఒక్కరూ అనలేదు. రెండవ చరణం దగ్గర గోడకవతల మరాఠీ ముసలామె, ఇప్పుడు ఆమెకు ఎనభై దాటినవి, తానూ గొంతు కలిపినది.